చాప్‌మన్ అంటే డబ్ల్యూ-ఎం ఒక్కటేనా?

ప్రశ్న సూటిగానే ఉంది: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ ఆటగాడిగా ఎక్కడా కుదురుగా నిలవలేదు, దేశానికి ఆడలేదు, పెద్ద కప్పు గెలవలేదు. మేనేజర్‌గా మాత్రం హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ క్లబ్బులను ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి తెచ్చాడు. ఇది డబ్ల్యూ-ఎం అనే ఆటగాళ్ల అమరిక కనిపెట్టడం వల్లా, ఆర్సెనల్ డబ్బు వల్లా, లేక అదృష్టమా?

మూడింటిలో నిజం కొంత కొంత ఉంది. అసలు కారణం మాత్రం వేరే. ముందు పని ఏమిటో తేల్చుకుని, ఆ పనికి సరిపోయే మనిషిని వెతకడం ఆయన పద్ధతి. ఆ రోజుల్లో క్లబ్బులన్నీ దీనికి తలకిందులుగా చేసేవి. మంచి ఆటగాళ్లు పదకొండు మందిని పోగేసి, మైదానంలోకి పంపి చేతులు దులుపుకునేవి. చాలా చోట్ల జట్టును ఎంపిక చేసేది డైరెక్టర్లే. మేనేజర్ అంటే ఉత్తరాలు రాసి, రైలు టిక్కెట్లు తీసి, లెక్కలు చూసుకునే కార్యదర్శి.

ఆటగాడి రోజులతో మొదలుపెడదాం. చాప్‌మన్ 1878 జనవరి 19న యార్క్‌షైర్‌లో షెఫీల్డ్ దగ్గర కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. కొడుకు షెఫీల్డ్‌లో మైనింగ్ ఇంజనీరింగ్ చదివాడు. ఇంట్లో అసలైన ఆటగాడు తమ్ముడు హ్యారీ. షెఫీల్డ్ వెడ్నస్‌డే 1903, 1904లో లీగ్, 1907లో నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ గెలిచిన జట్లలో అతను ఉన్నాడు. అన్న హెర్బర్ట్ మాత్రం స్టేలీబ్రిడ్జ్, రోచ్‌డేల్, గ్రిమ్స్‌బీ, స్విండన్, షెపీ యునైటెడ్, వర్క్‌సాప్, నార్తాంప్టన్, షెఫీల్డ్ యునైటెడ్, నాట్స్ కౌంటీ, టాటెన్‌హామ్ అంటూ ఎక్కే గడప దిగే గడపగా తిరిగాడు. ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన మ్యాచ్‌లు నలభైకి అటూ ఇటూ. పసుపు రంగు బూట్లు వేసుకునేవాడు కాబట్టి జనానికి దూరం నుంచే గుర్తుండేవాడు, అంతే.

ఈ తిరుగుడు చూసి నిలకడలేని మనిషి అనుకుంటే పొరపాటు. 1885లో ప్రొఫెషనలిజాన్ని చట్టబద్ధం చేశారు, 1888లో లీగ్ మొదలైంది. 1901లో లీగ్ క్లబ్బుల్లో గరిష్ఠ జీతం వారానికి 4 పౌండ్లని కట్టడి పెట్టారు. దక్షిణాది క్లబ్బుల విడి పోటీ అయిన సదరన్ లీగ్‌లో అప్పటికి ఆ కట్టడి లేదు. పైగా లీగ్ క్లబ్ ఒక ఆటగాడిని తన పేరు మీద నమోదు చేసుకుని అట్టిపెట్టుకున్నా, సదరన్ లీగ్ క్లబ్ పైసా కట్టకుండా అతన్ని తీసుకోవచ్చు. ఈ దారి 1910 దాకా తెరిచే ఉంది. అందుకే ఆ తరం వాళ్లలో చాలామంది ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య తిరుగుతూనే ఉండేవాళ్లు. చాప్‌మన్‌కు ఇంకో సౌలభ్యం కూడా ఉంది. చేతిలో ఇంజనీరు చదువు ఉంది కాబట్టి కొన్నాళ్లు జీతం లేని అమెచ్యూర్‌గా ఆడాడు. ఊరు మారినప్పుడల్లా ఉద్యోగమూ వెతుక్కోవాలి. ఆటే జీవితం అనుకోలేదు కనుక బయటినుంచి చూసే చూపు అలవడింది. ఇది నా అంచనా.

మేనేజర్ కావడం కూడా అనుకోకుండా జరిగిందే. 1907లో నార్తాంప్టన్ టౌన్ ప్లేయర్-మేనేజర్ కోసం చూస్తుంటే, టాటెన్‌హామ్‌లో తన సహచరుడు వాల్టర్ బుల్ పేరు చాప్‌మనే చెప్పాడు. బుల్ ముందు ఒప్పుకుని తర్వాత మనసు మార్చుకుని, నువ్వే వెళ్లు అన్నాడు. నార్తాంప్టన్ అప్పటికి సదరన్ లీగ్ అట్టడుగున ఉంది. రెండో సీజన్‌లో, అంటే 1908-09లో, ఛాంపియన్ అయింది.

డబ్ల్యూ-ఎంకు అసలు వేరు ఇక్కడే ఉంది. చాలామంది 1925 దగ్గర మొదలుపెట్టడం వల్ల ఇది కనబడదు. ఆ రోజుల్లో ఆట అంటే ఎదుటివాళ్ల గోలు మీద పడి ఒత్తిడి చేయడమే. ఎక్కువసేపు దాడి చేసీ గోలు రాక ఓడిపోవడం చూసి, దాడి చేయడమే పొరపాటు కావచ్చని చాప్‌మన్ గ్రహించాడు. ఎదుటి జట్టు పదిమందీ తమ గోలు ముందు గుమికూడితే సందు దొరకదు. కాబట్టి మనమే వెనక్కి తగ్గాలి. వాళ్లను మన సగంలోకి రప్పించి, బంతి లాక్కోగానే వాళ్ల వెనక ఖాళీలోకి పంపాలి. ఈ ఆలోచన 1907కే ఉంది, డబ్ల్యూ-ఎం అనే బొమ్మ పద్దెనిమిదేళ్ల తర్వాతిది.

సదరన్ లీగ్ గెలిస్తే పై లీగుకు దారి లేదు. గెలిచినా మళ్లీ అక్కడే ఆడాలి. 1912లో రెండో డివిజన్‌లోని లీడ్స్ సిటీకి మారడానికి అది పెద్ద కారణం. మొదటి ఏడాది 6వ స్థానం, రెండో ఏడాది 4వ స్థానం, పై డివిజన్‌కు ప్రమోషన్ దక్కడానికి రెండు పాయింట్లు తక్కువ. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1916లో చాప్‌మన్ లీడ్స్ దగ్గర బార్న్‌బో ఫిరంగి గుళ్ల ఫ్యాక్టరీలో మేనేజరుగా చేరాడు.

1919లో ఒక పాత ఆటగాడు ఫిర్యాదు చేశాడు. యుద్ధకాలంలో బయటి క్లబ్బుల నుంచి వచ్చి ఆడిన అతిథి ఆటగాళ్లకు లీడ్స్ సిటీ నిబంధనలకు విరుద్ధంగా డబ్బు ఇచ్చిందని ఆరోపణ. అప్పట్లో ఖర్చులు తప్ప జీతం ఇవ్వకూడదు. లెక్కల పుస్తకాలు చూపించమంటే క్లబ్ చూపించలేదు. అక్టోబరులో సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి బహిష్కరించారు. అక్టోబరు 17న లీడ్స్‌లోని మెట్రోపోల్ హోటల్లో ఆటగాళ్లను వేలం వేశారు. సామాన్లతో సహా వేలంపాటే. 16 మందికి కలిపి 9,250 పౌండ్లు వచ్చాయి. మిగిలిన మ్యాచ్‌లు పోర్ట్ వేల్ క్లబ్‌కు దక్కాయి. చాప్‌మన్‌తో సహా అధికారులకు జీవితకాల నిషేధం పడింది.

చాప్‌మన్‌కు ఏమీ తెలియదా? ఆ సమయంలో ఫ్యాక్టరీలో ఉన్నానన్నది ఆయన వాదన. హడర్స్‌ఫీల్డ్ క్లబ్ వెనక నిలబడి అప్పీలు చేయించింది, నిషేధం ఎత్తేశారు. యుద్ధం మొదట్లో కార్యదర్శి-మేనేజర్‌గా ఆయనే ఉన్నాడు కనుక అసలేమీ తెలియదంటే నాకు నమ్మబుద్ధి కాదు. కానీ తప్పు చేశాడనడానికి రుజువూ బయటకు రాలేదు, పుస్తకాలు చూపించలేదు కాబట్టి ఇక రాదు కూడా.

1921 మొదట్లో హడర్స్‌ఫీల్డ్‌లో సహాయకుడిగా చేరి, కొద్ది వారాల్లోనే పూర్తి బాధ్యత తీసుకున్నాడు. ఆ ఊళ్లో రగ్బీ లీగ్‌కే ఆదరణ. ఫుట్‌బాల్ క్లబ్బు అప్పులపాలై 1919లో ఏకంగా లీడ్స్‌కు తరలిపోబోయింది. చాప్‌మన్ చూసి చెప్పిన లోపం ఒకటే: కుర్రాళ్లు బాగానే ఉన్నారు, ఆటను నడిపించే పెద్దతలకాయ లేదు. ఆస్టన్ విల్లా నుంచి క్లెమ్ స్టీఫెన్‌సన్‌ను తెచ్చాడు. అప్పటికి అతనికి ముప్పై దాటింది, పరుగు తగ్గింది. పని మాత్రం పరుగుతో కాదు కదా. 1922లో ఎఫ్.ఏ. కప్, ఫైనల్లో ప్రెస్టన్ మీద 1-0, బిల్లీ స్మిత్ పెనాల్టీ. రిజర్వు జట్టు కూడా మొదటి జట్టు పద్ధతిలోనే ఆడాలన్నది ఇక్కడి కట్టుబాటు. ఎవరైనా గాయపడితే లోపలికి వచ్చేవాడికి పని కొత్త కాకూడదు.

1923-24 లీగ్ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి, సరదాగా ఉంటుంది. హడర్స్‌ఫీల్డ్, వేల్స్ క్లబ్ కార్డిఫ్ రెండింటికీ 57 పాయింట్లు. అప్పట్లో తేడా తేల్చేది గోల్ యావరేజ్, అంటే చేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించడం. హడర్స్‌ఫీల్డ్ 60 చేసి 33 ఇచ్చింది: 1.818. కార్డిఫ్ 61 చేసి 34 ఇచ్చింది: 1.794. టైటిల్ హడర్స్‌ఫీల్డ్‌ది. ఇప్పటి గోల్ డిఫరెన్స్ (చేసినవాటిలోంచి ఇచ్చినవి తీసేయడం) ప్రకారం రెండూ +27, ఎక్కువ గోల్స్ కార్డిఫ్‌వి, కాబట్టి టైటిల్ వేల్స్‌కు వెళ్లేది. చివరి రోజు బర్మింగ్‌హామ్‌లో కార్డిఫ్ ఆటగాడు లెన్ డేవిస్ పెనాల్టీ తప్పిపోయి మ్యాచ్ 0-0గా ముగిసింది. అదృష్టం అన్న మాట ఎక్కడైనా వాడాలంటే ఇక్కడ వాడండి. మరుసటి ఏడాది మాత్రం అదృష్టం కాదు. 42 మ్యాచ్‌లలో ఇచ్చినవి 28 గోల్స్, ఏ ఒక్క మ్యాచ్‌లోనూ రెండుకు మించి ఇవ్వలేదు.

1925లో ఆర్సెనల్ ఛైర్మన్ హెన్రీ నోరిస్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. భారీ ట్రాన్స్‌ఫర్ రుసుములు పోసి జట్టు కట్టే బాపతు మనుషులు దరఖాస్తు చేయనక్కర్లేదని అందులో రాశాడు. చివరికి వచ్చింది చాప్‌మన్, జీతం 2,000 పౌండ్లు. ఆర్సెనల్ ఆ ఏడాది 22 జట్లలో 20వ స్థానం. రాగానే సండర్లాండ్ నుంచి చార్లీ బకన్‌ను తెచ్చారు: ముందు 2,000 పౌండ్లు, మొదటి సీజన్‌లో కొట్టే ఒక్కో గోలుకూ 100. బకన్ 21 కొట్టాడు. మొత్తం 4,100 అయింది. పొదుపు చేద్దామన్న ఛైర్మన్ లెక్క అలా తేలింది.

ఇక డబ్ల్యూ-ఎం. ముందు ఆఫ్‌సైడ్ అర్థం కావాలి. 1925 దాకా పాస్ అందుకునేవాడికీ గోల్ లైనుకూ మధ్య ఎదుటివాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. మామూలుగా అంటే గోల్‌కీపరు, వెనక కాపలా ఆడే ఇద్దరు ఫుల్ బ్యాకులు. ఒక ఫుల్ బ్యాక్ ముందుకు జరిగితే చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్. ఎత్తు పారకపోయినా రెండో ఫుల్ బ్యాక్ వెనక కాపలా ఉంటాడు. న్యూకాసిల్ ఆటగాడు బిల్ మెక్రాకెన్ దీన్ని కళగా మార్చాడు. ఆట మైదానం మధ్యలో ఇరుక్కుపోయింది. 1925 వేసవిలో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇప్పుడు ఫుల్ బ్యాక్ ముందుకు జరిగి లెక్క తప్పితే వెనక మిగిలేది కీపరు ఒక్కడే. లీగ్ మొత్తం మీద ఒక సీజన్‌లో 4,700 ఉన్న గోల్స్ మరుసటి సీజన్‌లో 6,373 అయ్యాయి.

1925 అక్టోబరు 3న న్యూకాసిల్‌లో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. మధ్యవరసలో నడుమ ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి తీసి ఇద్దరు ఫుల్ బ్యాకుల మధ్య నిలబెట్టాలని బకన్ అంతకు ముందు నుంచే పోరుతున్నాడు. ఆ రోజు న్యూకాసిల్ సెంటర్ హాఫ్ చార్లీ స్పెన్సర్ అలాగే ఆడాడు. అంటే మూడో బ్యాక్‌ను కనిపెట్టింది చాప్‌మన్ కాదు. ఆ సరికి ఒకటి రెండు క్లబ్బులు దాన్ని ప్రయత్నిస్తూనే ఉన్నాయి. చాప్‌మన్ పట్టుకున్నది దాని వెంట వచ్చే రెండో సమస్యను. సెంటర్ హాఫ్ వెనక్కి పోతే మధ్యలో గొయ్యి పడుతుంది. బంతిని వెనక నుంచి ముందుకు చేర్చేది ఎవరు? దాడి వరసలో సెంటర్ ఫార్వర్డ్ పక్కన ఆడే ఒక ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌ను కిందికి దించాలి. ఆ పని తానే చేస్తానని బకన్ అడిగితే చాప్‌మన్ ఒప్పుకోలేదు. గోల్స్ కొట్టేవాడిని కిందికి లాగడం దండగ. మూడో జట్టులో ఆడుతున్న యాండీ నీల్‌ను తెచ్చాడు. నీల్‌కు వేగం లేదు, కానీ బంతిని కాలి కింద ఆపి చూసి పంపగలడు. రెండు రోజుల తర్వాత వెస్ట్ హామ్ మీద 4-0 గెలుపు.

దీన్ని ఒక్క రాత్రిలో పుట్టిన అద్భుతంలా చెప్తుంటారు. అది సరికాదు, యంత్రం పూర్తిగా అమరడానికి ఐదేళ్లు పట్టింది. ఎవరి పని ఎలా మారిందో చూడండి. పాత 2-3-5లో (వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు) ఇద్దరు ఫుల్ బ్యాకులు గోలు ముందు మధ్యలో ఉండేవాళ్లు, అంచుల్లో పరుగెత్తే వింగర్లను మధ్యవరసలో పక్కల ఆడే వింగ్ హాఫ్‌లు చూసుకునేవాళ్లు. కొత్త పద్ధతిలో మధ్యను స్టాపర్, అంటే వెనక్కి తీసిన సెంటర్ హాఫ్, కాస్తాడు కాబట్టి ఫుల్ బ్యాకులు అంచులకు జరిగి వింగర్లను పట్టుకోవాలి. వింగ్ హాఫ్‌లు లోపలికి వచ్చి ఎదుటి ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లను పట్టుకోవాలి. మన ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు ఇద్దరూ కాస్త కిందికి దిగాలి. ముందు ఐదుగురూ డబ్ల్యూ ఆకారం, వెనక ఐదుగురూ ఎం ఆకారం, అంకెల్లో 3-2-2-3. ఒక్కడు పాత అలవాటు కొద్దీ పాత చోటికి వెళ్తే ఎదుటి మనిషి ఒకడు ఖాళీగా దొరుకుతాడు. 1920లలో దీన్ని కాపీ కొట్టిన క్లబ్బులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతిన్నాయి. స్టాపర్‌ను వెనక్కి తీశాయి గానీ మధ్యలో గొయ్యి పూడ్చే మనిషిని వెతకలేదు. బంతిని గాల్లోకి తన్ని, ముందున్నవాడు చూసుకుంటాడులే అనుకున్నాయి.

ఇప్పుడు ఏ పనికి ఎవరిని తెచ్చాడో చూస్తే చాప్‌మన్ పద్ధతి విప్పి చూసినట్టే ఉంటుంది. స్టాపర్ పని: గోలు ముందు నుంచి కదలకుండా తలతో, కాలితో తోసేయడం. అందుకు ఆస్వెస్ట్రీ అనే చిన్న ఊరి నుంచి హెర్బీ రాబర్ట్స్, 200 పౌండ్లు. అందం లేని ఆట, కానీ చెప్పిన చోటు దాటడు. లెఫ్ట్ బ్యాక్ పని వింగర్‌తో సమానంగా పరుగెత్తడం. కెటరింగ్ నుంచి ఎడ్డీ హాప్‌గుడ్, వెయ్యి లోపే. అతను శాకాహారి, బక్కపలచన. తలతో బంతి కొడితే కళ్లు తిరిగేవి. ట్రైనర్ టామ్ విటేకర్ మాంసం తినిపించి కండ పట్టించాడు. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయ్యాడు. వింగర్ పని అంచు దగ్గర గీత పట్టుకుని ఉండటం కాదు, లోపలికి కోసుకొచ్చి గోలు కొట్టడం. ఎక్సెటర్ నుంచి పదిహేడేళ్ల క్లిఫ్ బాస్టిన్, 2,000. ఇంత చవకగా తెచ్చినవాళ్లతో కట్టిన జట్టును డబ్బు జట్టు అనడం సగం అబద్ధమే.

మిగతా సగం నిజం కూడా ఉంది. 1928లో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొన్నాడు. అంతకు ముందు రికార్డు ఆరున్నర వేల దగ్గర ఉంది. బేరం జరిగిన హోటల్లో వెయిటరుతో ముందే మాట్లాడుకుని, తన గ్లాసులో జిన్ లేకుండా టానిక్కు మాత్రమే పోయించుకుని, బోల్టన్ వాళ్లకు డబుల్ పోయించాడని ఆయన సహాయకుడు బాబ్ వాల్ తర్వాత చెప్పిన కథ. 1929లో ప్రెస్టన్ నుంచి అలెక్స్ జేమ్స్, 8,750. గరిష్ఠ జీతం వారానికి 8 పౌండ్లే కాబట్టి, జేమ్స్‌కు సెల్‌ఫ్రిడ్జెస్ దుకాణంలో క్రీడాసామగ్రి చూపించే ఉద్యోగం, ఏడాదికి 250 పౌండ్లు, పక్కన కుదిరింది. లీగ్ వాళ్లు విచారణ చేసి సరే అన్నారు. ఇక్కడా పనే ముందు. ప్రెస్టన్‌లో గోల్స్ కొట్టే జేమ్స్‌ను గోల్స్ మానేసి పాసులు ఇమ్మన్నాడు. మొదట్లో అతనికి మింగుడు పడలేదు, ప్రేక్షకులకూ పడలేదు.

వీళ్లంతా కుదిరాక ఆడిన ఎత్తు ఇది: రాబర్ట్స్ తలతో తోసిన బంతి సెంటర్ లైను దగ్గర జేమ్స్‌కు అందుతుంది. జేమ్స్ అటూ ఇటూ ఊగి ఒక్క పొడవాటి పాసుతో కుడివైపు వింగర్ జో హ్యూమ్ ముందుకు వదులుతాడు. హ్యూమ్ మెరుపు వేగం. అతను దాటించిన బంతికి ఎడమ నుంచి బాస్టిన్ లోపలికి వస్తాడు. మూడు నాలుగు తాకులు, గోలు. 1932-33లో బాస్టిన్ 33, హ్యూమ్ 20 కొట్టారు. వింగర్లిద్దరే 53 గోల్స్. అంతసేపూ ఒత్తిడి చేసింది ఎదుటి జట్టే కాబట్టి జనం లక్కీ ఆర్సెనల్ అని పేరు పెట్టారు. నార్తాంప్టన్ నాటి ఎర ఇదే.

ఫలితాలు త్వరగా చెప్పేస్తాను. 1927 కప్ ఫైనల్లో కార్డిఫ్ చేతిలో 0-1 ఓటమి. 1930 ఫైనల్లో తన పాత హడర్స్‌ఫీల్డ్ మీదే 2-0, జేమ్స్ ఒకటి, లాంబర్ట్ ఒకటి. 1930-31లో 66 పాయింట్లు, 127 గోల్స్‌తో లీగ్. 1932-33లో మళ్లీ లీగ్.

పద్ధతికున్న బలహీనత కూడా చెప్పకపోతే సమాధానం సగమే. 1933 జనవరి 14న కప్ మూడో రౌండ్లో మూడో డివిజన్ జట్టు వాల్‌సాల్ చేతిలో 0-2 ఓడారు. గాయాలు, ఫ్లూ వల్ల కొందరు లేరు. వాళ్ల బదులు చాప్‌మన్ అనుభవం లేని రిజర్వులను దించాడు. పెనాల్టీ ఇచ్చిన టామీ బ్లాక్‌ను వారం తిరక్కుండా ప్లిమత్‌కు అమ్మేశాడు. అది కోపం, తర్కం కాదు. తప్పు ఎంపికదే. పనికి తగిన మనిషిని వెతికే పద్ధతిలో ఆ మనిషి లేని రోజు పని ఆగిపోతుంది. రెండో బలహీనత బయటపడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1953 నవంబరులో వెంబ్లీలో ఇంగ్లండ్ మీద హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందుండకుండా కిందికి దిగిపోయాడు. స్టాపర్ అతని వెంట పోతే వెనక గొయ్యి, పోకపోతే అతను స్వేచ్ఛగా తిరుగుతాడు. ఫలితం 6-3, అతనివే మూడు. (మన వైపు ఇలాంటి ఆలోచన చేసిన మనిషి కావాలంటే హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఉన్నారు. వృత్తికి టీచరు. సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు, 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారం. ఆయన కథ వేరే రాయాల్సినంత ఉంది.)

చాప్‌మన్ పేరు మీద చెలామణి అయ్యే కొన్నింటిని సరిచేసుకోవాలి. చొక్కాల మీద అంకెలు 1928 ఆగస్టు 25న ఆర్సెనల్ వేసింది నిజమే, అదే రోజు చెల్సీ కూడా వేసింది. ఫ్లడ్‌లైట్లు ఆయన కనిపెట్టినవి కావు, షెఫీల్డ్‌లోని బ్రామల్ లేన్‌లో 1878లోనే, అంటే ఆయన పుట్టిన ఏడాదే, దీపాల కింద మ్యాచ్ ఆడారు. ఆర్సెనల్ మైదానం హైబరీలో ఆయన పెట్టించిన దీపాలను పోటీ మ్యాచ్‌లకు అధికారులు ఒప్పుకోలేదు. గిలెస్పీ రోడ్ భూగర్భ రైలు స్టేషన్‌ను 1932లో ఆర్సెనల్‌గా మార్పించింది మాత్రం ఆయన పట్టుదలే. టిక్కెట్లు, బోర్డులు, మ్యాపులు అన్నీ మార్చాల్సి వచ్చింది. 1933లో ఎర్ర చొక్కాకు తెల్ల చేతులు కూడా ఆయన కాలంలోవే.

1934 కొత్త సంవత్సరం రోజున బరీలో ఒక మ్యాచ్, మర్నాడు షెఫీల్డ్‌లో రాబోయే ప్రత్యర్థి వెడ్నస్‌డే ఆట చూశాడు. అప్పటికే జలుబు పట్టింది. డాక్టరు వద్దన్నా మూడో రోజు గిల్డ్‌ఫర్డ్‌లో మూడో జట్టు ఆట చూడటానికి వెళ్లాడు. యాండీ నీల్ లాంటివాళ్లు దొరికేది అక్కడే మరి. న్యుమోనియాతో జనవరి 6 తెల్లవారుజామున పోయాడు, వయసు 55. ఆ మధ్యాహ్నమే హైబరీలో వెడ్నస్‌డేతో మ్యాచ్ జరిగింది. ఆర్సెనల్ 1933, 34, 35 వరసగా మూడు లీగ్‌లు గెలిచింది. హడర్స్‌ఫీల్డ్ కూడా 1924, 25, 26 వరసగా గెలిచింది, మూడోది ఆయన వెళ్లిపోయాక సెసిల్ పాటర్ చేతుల మీదుగా. ఆర్సెనల్‌లో మూడోదాన్ని అందుకున్నది జార్జ్ అలిసన్.